ఆసుపత్రి కరెంటు బిల్లు: కొత్త బీఎంఎస్ మేలా, పాతదానికే సెన్సార్లు తగిలించడం మేలా?

ఆసుపత్రి భవనాన్ని స్మార్ట్ చేద్దాం అనగానే అమ్మేవాళ్లు రెండు దారులు చూపిస్తారు. ఒకటి, పాత కంట్రోల్స్ అన్నీ పీకేసి చిల్లర్లు (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రాలు), ఏహెచ్‌యూలు (ఆ చల్లనీళ్లతో గాలిని చల్లబరిచి గదులకు పంపేవి), పంపులు, జనరేటర్లు అన్నిటినీ ఒకే బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) కిందికి తెచ్చి ఒకే తెర మీద నుంచి నడపడం. రెండోది, ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి మీటర్లు, సెన్సార్లు, వాటి రీడింగులను ఒకచోటికి చేర్చే ఒక గేట్‌వే తగిలించి లోపల ఏం జరుగుతోందో చూడటం. మూడోది కూడా ఉంది గానీ దాన్ని ఎవరూ అమ్మరు: రెండు గంటలకోసారి ఆపరేటర్ తిరిగి లాగ్‌బుక్ రాయడం.

మూడోదాన్ని తేలిగ్గా తీసిపారేయకండి, అనుభవం ఉన్న ఆపరేటర్ చప్పుడు వినే బేరింగ్ పోతోందని చెప్పేస్తాడు. కానీ లాగ్‌బుక్‌ని నమ్మలేం. ఒకచోట తిరగేస్తే నెలంతా చల్లనీళ్లు 7 డిగ్రీలే, ఒకే పెన్ను, ఒకే వాలు, షిఫ్టు చివర కూర్చుని ఒకేసారి నింపేశారని చూడగానే తెలిసిపోయింది. వాళ్లను అనీ లాభం లేదు, ఒక్కడికి మూడు ప్లాంట్ రూములు అప్పజెప్తే ఎవరైనా అదే చేస్తారు.

అసలు కరెంటు ఎటు పోతోంది? చాలావరకు గాలికి. ఆపరేషన్ థియేటర్లో గంటకి 20 సార్లు గాలి మారాలని ఏసీ ఇంజనీర్ల అమెరికా సంఘం ఆశ్రే ఆసుపత్రులకు పెట్టిన 170 ప్రమాణం అంటుంది. పగలు సరే, రాత్రి పదకొండింటికి లైట్లార్పి తాళం వేసిన థియేటర్లో కూడా ఫ్యాన్ అదే వేగంతో తిరగడం ఎందుకు? పక్క గదులకన్నా లోపల గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంచగలిగితే చాలు, ఖాళీ వేళల్లో గాలి తగ్గించుకోవచ్చని ఆ ప్రమాణమే చెప్తుంది. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగం 20 శాతం తగ్గిస్తే లెక్క ప్రకారం కరెంటు దాదాపు సగమవుతుంది. దీనికి ఫ్యాన్ వేగం మార్చే ఒక వీఎఫ్‌డీ, ఒక ప్రెషర్ సెన్సార్, థియేటర్ వాడకంలో ఉందో లేదో చెప్పే ఏర్పాటు చాలు, భవనమంతా తవ్వక్కర్లేదు.

ఇంకో దొంగ ఉన్నాడు. చల్లనీళ్ల వాల్వ్ పూర్తిగా మూసుకోదు, గాలి అవసరానికి మించి చల్లబడుతుంది, దాన్ని రీహీట్ అనే హీటర్ మళ్లీ వేడి చేస్తుంది. గదిలో ఉష్ణోగ్రత బాగానే ఉంటుంది కాబట్టి ఒక్క ఫిర్యాదూ రాదు, రెండువైపులా బిల్లు మాత్రం పడుతూనే ఉంటుంది. గాలిని చల్లబరిచే కాయిల్‌కి ముందొకటి, వెనకొకటి సెన్సార్ పెడితే వారంలో దొరికిపోతాడు.

మరి పూర్తి బీఎంఎస్ దండగా? కాదు. కొత్త భవనమైతే, లేదా ఎలాగూ చిల్లర్లు మారుస్తుంటే అదే మేలు. లోడ్ తక్కువున్నప్పుడు చల్లనీళ్ల ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచినా చిల్లర్‌కి సుమారు 2-3 శాతం కలిసొస్తుంది, కానీ ఏ వార్డుకి ఎంత కావాలో అన్నీ కలిపి చూస్తేనే ధైర్యంగా పెంచగలం. కొనేటప్పుడు వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగల బ్యాక్‌నెట్ లాంటి ఓపెన్ ప్రోటోకాల్ అడగండి, లేకపోతే చిన్న మార్పుకీ ఆ కంపెనీవాడే రావాలి. నడుస్తున్న ఆసుపత్రిలో కంట్రోల్స్ మార్చడం మాత్రం నిజంగా టెన్షన్ పని.

నమ్మకం సంగతికొస్తే నా పట్టుదల ఒక్కటే: చూడటానికి అన్నీ కలపండి, నడవడం మాత్రం దేనికదే నడవాలి. అమెరికా ఆసుపత్రుల్లో ప్రాణాధార సరఫరా 10 సెకన్లలో జనరేటర్ మీదికి రావాలి, సర్వర్‌ని అడిగే టైం ఎక్కడుంది? ఆ పని జనరేటర్ కంట్రోలర్, ఏటీఎస్ (సరఫరాను జనరేటర్ మీదికి దానంతటదే మార్చే స్విచ్) వాటంతటవే చేయాలి. కనెక్షన్ ఉపయోగం వేరేచోట ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే వోల్టేజి చూపే జనరేటర్ బ్యాటరీ, ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టగానే కుప్పకూలవచ్చు, ఆ క్షణాన్ని ప్రతి టెస్టులోనూ రికార్డు చేస్తే బ్యాటరీ పాతబడటం నెలల ముందే కనిపిస్తుంది. పైగా 2017 మేలో వాన్నాక్రై అనే సైబర్ దాడి బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల కంప్యూటర్లను పడగొట్టింది, అలాంటి రోజున ఐసీయూ గాలి కూడా దాంతోపాటు ఆగకూడదు కదా.

కాబట్టి నడుస్తున్న పాత ఆసుపత్రికి నా ఓటు సెన్సార్లకే. అయితే క్యాలిబ్రేషన్ ఎవరు చేస్తారు, రాత్రి అలారం వస్తే ఎవరు లేస్తారు అన్నది ముందే తేల్చుకోవాలి, రోజుకి రెండొందల అలారాలొస్తే మూడో రోజుకి ఎవరూ చూడరు. ఏది కొన్నా బిల్లు చెల్లించేముందు ఖాళీ వార్డు ఏహెచ్‌యూ దగ్గర నిలబడి నెట్‌వర్క్ కేబుల్ పీకించండి. ఫ్యాన్ ఆగిందా, సంతకం పెట్టకండి.