సన్నీనా, కరోలానా, కిరాయి బండా? దుబాయ్‌లో మనవాళ్లకు ఏది మేలు?

పోయిన నెల నర్సంపేటలో ఒక పెళ్లికి వెళ్లాను. సెలవు మీద వచ్చిన తమ్ముళ్లు ముగ్గురు భోజనాల దగ్గర వేర్వేరుగా పట్టుకుని ఒకే సంగతి అడిగారు. "అన్నా, లైసెన్స్ అచ్చింది. సన్నీ తీసుకోవాల్నా, కరోలా తీసుకోవాల్నా?" నిస్సాన్ సన్నీ, టయోటా కరోలా కార్ల సంగతి. నేను షార్జాలో పదకొండేళ్లు ఉండి, రోజూ దుబాయ్‌లోని జెబెల్ అలీకి పోయి వచ్చి, 2023లో హన్మకొండ చేరాను. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలదు. చేతిలో ప్లేటుతో చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మైలేజీ, ఏసీ, డిక్కీ గురించి అందరూ అడుగుతారు. నేను ముందు అడిగేది వేరు: ఉద్యోగం పోయిన రోజు ఈ బండి ఎన్ని రోజుల్లో అమ్ముడుపోతుంది? ఇక్కడైతే కారు కొని, భద్రకాళి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, పదేళ్లు వాడతాం. అక్కడ వీసా ఉన్నన్నాళ్లే బండి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడు. వీసా గడువు నెత్తి మీద ఉన్నవాడికి ఆ కోల్డ్ స్టోరేజీ లేదు. అందుకని తేజా రకం మిర్చిలా ఏ రోజు తీసుకెళ్లినా అడిగేవాడు ఉండే బండే కావాలి.

నాకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. 2016లో కొత్త కారు లోన్ మీద తీసుకున్నాను. ఏ కంపెనీదో చెప్పను, తప్పు బండిది కాదు. ధర 60 వేల దిర్హాములు. అక్కడి సెంట్రల్ బ్యాంకు నియమం ప్రకారం కారు లోన్‌కు కనీసం 20 శాతం మనం కట్టాలి, వాయిదాలు 60 నెలలు దాటకూడదు. 12 వేలు చేతి నుంచి పెట్టి, మిగతా దానికి నెలకు 920 చొప్పున ఐదేళ్లు రాసుకున్నాను. జీతంలో 920 అంటే పెద్ద లెక్క కాదనిపించింది. రెండేళ్లకు మా కంపెనీ ప్రాజెక్టు ఆపేసింది, నాతో పాటు చాలామందిని తీసేసింది. అప్పట్లో వీసా క్యాన్సిల్ అయ్యాక ఉండనిచ్చేది నెల రోజులే.

అసలు చిక్కు నష్టం కాదు. బ్యాంకుకు ఇంకా 31 వేల దాకా కట్టాలి, మార్కెట్లో బండికి 33 వేలు పలుకుతోంది. కాగితం మీద రెండు వేలు మిగలాలి కదా! కానీ ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, మీద బ్యాంకు పేరుతో మోర్ట్‌గేజ్ (తాకట్టు) ఉన్నంతవరకు బండి ఇంకొకరి పేరు మీదకు మారదు. ముందు 31 వేలు కట్టాలి, తర్వాత బ్యాంకు లెటర్ ఇవ్వాలి, ఆ తర్వాతే అమ్మకం. కొనేవాడు "కాగితాలు క్లియర్ చేసి రా" అంటాడు. క్లియర్ చేయడానికి వాడి డబ్బే కావాలి. ఉద్యోగం ముగిశాక కంపెనీ ఇచ్చే ఫైనల్ సెటిల్‌మెంట్ వస్తుంది, దాంతో తీర్చేద్దాం అనుకుంటే, లోన్ ఉన్నవాడి ఖాతాలో ఆ డబ్బు పడగానే బ్యాంకు దాన్ని బ్లాక్ చేయడం మామూలే. చివరికి రూమ్‌లోని పరకాల, భూపాలపల్లి వాళ్లు నలుగురు చేబదులిచ్చారు. లెటర్ చేతికొచ్చేసరికి ఎనిమిది రోజులే మిగిలాయి. ఆ సంగతి పసిగట్టిన డీలర్‌కు 29 వేలకు ఇచ్చేశాను.

నాలుగు నెలల తర్వాత వేరే వీసా మీద మళ్లీ వెళ్లి, ఆరేళ్ల పాత కరోలాను 24 వేలకు నగదుతో కొన్నాను. 2023లో నా అంతట నేనే తిరిగి వచ్చేటప్పుడు 15 వేలకు అమ్మాను. ప్రకటన పెట్టిన రెండో రోజే ఒక పఠాన్ డ్రైవర్ వచ్చి, బానెట్ ఎత్తి, పది నిమిషాలు చూసి, అక్కడే డబ్బు లెక్కపెట్టాడు.

ఇక సన్నీ, కరోలా పోలిక. సన్నీ చెడ్డ బండి కాదు, ఈ మాట గట్టిగానే చెప్తాను. వెనక సీట్లో కాళ్లు చాపుకోవచ్చు. డిక్కీలో ఊరికి పోయే అట్టపెట్టెలు రెండు పడతాయి. స్పేర్ పార్టులు ఏ గల్లీలోనైనా దొరుకుతాయి. అదే డబ్బుకు కరోలా కంటే రెండు మూడేళ్లు కొత్త బండి వస్తుంది. ఐదేళ్లు కదిలేది లేదనుకునే వాళ్లకు, లోన్ లేకుండా కొనేవాళ్లకు సన్నీ చాలు. కానీ రెంట్-ఎ-కార్ వాళ్లు వాడి వదిలేసిన సన్నీలు మార్కెట్లో బోలెడు. మన బండి ఆ గుంపులోనే నిలబడాలి. కరోలాకు బేరం వేరు. షార్జా సూక్ అల్ హరాజ్‌లోనో, దుబాయ్ రాస్ అల్ ఖోర్‌లోని అవీర్ మార్కెట్లోనో నిలబెడితే అక్కడ ఉండేవాళ్లే కాదు, ఆఫ్రికాకు ఎగుమతి చేసే వ్యాపారులూ అడుగుతారు. కొనేటప్పుడు ఎక్కువ పెట్టామని బాధపడే ఆ నాలుగు వేలు అమ్మేటప్పుడు చాలావరకు తిరిగి వస్తాయి. నా ఓటు ఎటో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఏది కొన్నా జీసీసీ స్పెక్ బండే, అంటే గల్ఫ్ దేశాల కోసం చేసిందే, కొనండి. అమెరికాలో యాక్సిడెంట్ అయిన వాటిని దించి, రిపేర్ చేసి, రంగేసి అమ్మేవి చూడ్డానికి మెరుస్తుంటాయి, ధర కూడా ఊరిస్తుంది. మనం రామగుండం ఎండలు చూసినవాళ్లమే. అయినా ఆగస్టులో, 45 డిగ్రీల్లో, సాయంత్రం ఆరు గంటలకు షార్జా-దుబాయ్ మధ్య ఇత్తిహాద్ రోడ్డు మీద గంటసేపు ఇరుక్కున్నప్పుడు ఏసీ చల్లబడకపోతే ఆ నరకం వేరు. జీసీసీ బండ్ల రేడియేటర్, ఏసీ ఆ ఎండను లెక్కలో పెట్టుకుని చేసినవి. పైగా అమెరికా బండి అంటే కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. మీటర్ రీడింగ్‌ను మాత్రం నమ్మకండి, సర్వీస్ రికార్డు అడగండి. మూడేళ్లు దాటిన బండికి ఏటా పాసింగ్, అంటే బండి కండిషన్ పరీక్ష, ఉంటుంది. దాని గడువు నెలలో అయిపోయే బండిని చౌకగా అంటగట్టే వాళ్లూ ఉన్నారు.

నెల కిరాయి బండిని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. "నెలనెలా కట్టినా బండి మనది కాదు కదా" అంటారు. కొత్తగా వెళ్లి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు, రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. ఇన్సూరెన్స్, ముల్కియా, పాసింగ్, టైర్లు, బ్యాటరీ అన్నీ వాళ్ల తలనొప్పి. వచ్చేసేటప్పుడు తాళం ఇచ్చి విమానం ఎక్కడమే. కరోలా కొనకముందు నాలుగు నెలలు కిరాయి బండి నడిపాను, నెలకు 1,400 పడింది. చూసుకోవాల్సింది కిలోమీటర్ల పరిమితి. షార్జా నుంచి జెబెల్ అలీకి రోజూ తిరిగేవాడికి అది ఇరవయ్యో తేదీకే అయిపోతుంది. ఇంకోటి డిపాజిట్. ముఖాలఫాలు, అంటే ఫైన్లు, ఆలస్యంగా పడతాయని బండి తిరిగి ఇచ్చాక కూడా దాన్ని కొన్ని వారాలు పట్టి ఉంచుతారు. వచ్చేసే రోజుకు ఆ డబ్బు చేతిలో ఉంటుందని లెక్క వేసుకోవద్దు.

పెద్ద ఎస్‌యూవీ మాటా అడుగుతారు. భార్యాపిల్లలు అక్కడే ఉంటే, ప్రతి సెలవు రోజూ హత్తాకో ఖోర్ ఫక్కాన్‌కో పోతామంటే సరే. ఒంటరిగా ఉండేవాడికి అది ఊళ్లో ఫోటో చూపించుకోవడానికే. ఎలక్ట్రిక్ బండి సంగతి, షేరింగ్ ఫ్లాట్‌లో బెడ్ స్పేస్‌లో ఉంటూ చార్జింగ్ ఎక్కడ పెడతారు? బైక్ వద్దు, ఆ రోడ్ల మీద అసలు వద్దు.

బండి ఉందని కార్ లిఫ్ట్ పెట్టి పెట్రోలు ఖర్చు రాబట్టుకుందామని చాలామంది అనుకుంటారు. పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకోవడం అక్కడ నేరం, దొరికితే ఫైన్ గట్టిగా పడుతుంది. సాలిక్, అంటే దుబాయ్ రోడ్ల టోల్, లెక్క కూడా మారింది. 2025 జనవరి 31 నుంచి ఉదయం ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య గేటు దాటితే 4 కాదు, 6 దిర్హాములు. ఆదివారం మాత్రం 4. ఎమిరేట్స్ రోడ్డు పట్టుకుంటే గేట్లు తగలవు, కిలోమీటర్లు పెరుగుతాయి. మేడారం జాతరకని నెల సెలవు పెట్టి వచ్చేటప్పుడు బండి తాళం రూమ్మేట్‌కు ఇచ్చి రండి, వారానికోసారి కడుగుతాడు. దుబాయ్‌లో దుమ్ము పట్టిన బండి రోడ్డు పక్కన పడి ఉంటే మున్సిపాలిటీ 500 దిర్హాముల ఫైన్ వేస్తుంది.

పెళ్లిలో అడిగిన ముగ్గురిలో ఒకడు అప్పుడే తిరిగి వెళ్లాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో తెల్ల కరోలా ఫోటోలు ఎనిమిది పంపి, "ఎట్లుందే అన్నా?" అన్నాడు. బండి బాగానే ఉంది. ముల్కియా ఫోటో పంపమన్నాను, మోర్ట్‌గేజ్ గడి ఖాళీగా ఉందో లేదో చూడాలి.