ఫీజు రాయితీయా, కోరుకున్న కాలేజీయా: నెల్లూరులో ఒక అడ్మిషన్ సలహా కేంద్రంతో మా అనుభవం

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువు విషయంలో ఎటూ తేల్చుకోలేక, ఈ ఏడాది నెల్లూరులోని ఒక అడ్మిషన్ సలహా కేంద్రానికి వెళ్లాము. తను మొదటి నుంచీ కోరుకున్నది విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఇంటర్ మార్కులు చూసి ట్యూషన్ ఫీజులో 75 శాతం తగ్గిస్తామని ఉత్తరం పంపింది మా జిల్లాలోని కాలేజీ. మా వార్షికాదాయం 2.5 లక్షలు దాటుతుంది కనుక ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు వర్తించదు. రెండు గంటల సలహాకు కేంద్రం వారు 2,000 రూపాయలు తీసుకున్నారు.

ఆ డబ్బుకు తగిన పని ఒక్క తెల్లకాగితం మీద జరిగింది. సలహాదారు దాని మధ్యగా పెన్సిల్‌తో గీత గీసి, నాలుగేళ్ల ట్యూషన్, హాస్టల్, బస్సు ఖర్చులన్నీ కూడి చూపించారు: విశాఖకు 14.4 లక్షలు, ఇక్కడ 2.2 లక్షలు. అప్పటిదాకా మేము ఏడాది ఫీజులనే పోల్చుకుంటున్నాము. విద్యారుణం 7.5 లక్షల వరకు తనఖా లేకుండా దొరుకుతుందని తెలుసు గాని, చదువుకాలంలోనూ, ఆ తరువాత మరో ఏడాదీ వాయిదాలు కట్టనక్కర లేకపోయినా, బ్యాంకు సొమ్ము విడుదల చేసిన రోజు నుంచే వడ్డీ పడుతుందన్న సంగతి ఆయన చెప్పేదాకా మా బుర్రకెక్కలేదు.

లెక్కలు అయ్యాక ఆయన అమ్మాయి వైపు తిరిగి, "ఆ కాలేజీయే ఎందుకమ్మా?" అని అడిగారు. చిప్ డిజైన్ ల్యాబ్ కోసమని చెప్పింది. అయితే ఇక్కడి ల్యాబ్ కూడా ఒకసారి చూసి రమ్మన్నారు. ఇంట్లో మేమెవ్వరమూ ఆ ప్రశ్న అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

లోపాలూ ఉన్నాయి. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే విద్యారుణ పథకం కింద 3 శాతం వడ్డీ రాయితీ వచ్చి తీరుతుందన్నట్లు మాట్లాడారు. అది ఏటా లక్షమందికే పరిమితమనీ, ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక, వృత్తివిద్యా కోర్సులు చదివేవారికి ప్రాధాన్యమనీ చెప్పలేదు. ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి. కాలేజీ ఉత్తరాన్ని చేతిలో పట్టుకుని కూడా వెనుక పుట తిప్పలేదు. ఏటా 8 సీజీపీఏ (పదికి లెక్కించే సగటు గ్రేడు) నిలబెట్టుకోవాలని, ఒక్క సబ్జెక్టు తప్పినా రాయితీ రద్దవుతుందని అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని అమ్మాయే దారిలో బస్సులో చదివి, "నాన్నా, ఇది చూశారా?" అని చూపించింది. మొదటి ఏడాదే రాయితీ పోతే మిగిలిన మూడేళ్లలో అదనంగా 2.25 లక్షలు కట్టాలి. అప్పుడూ ఇక్కడే తక్కువ అవుతుంది, నిజమే. కాని ఆ అంకె కూడా ఆ కాగితం మీద ఉండవలసింది.

ల్యాబ్ చూసి వచ్చాక అమ్మాయి ఇక్కడే చేరతానంది. చేరే ముందు కాలేజీ ఆఫీసులో కూర్చుని, తప్పిన సబ్జెక్టు సప్లిమెంటరీలో పాసైతే రాయితీ కొనసాగుతుందని రాయించి, సీలు వేయించుకుని వచ్చాము.