రెండు చక్రాలు, 920 రూపాయలు: పటమటలో బోర్డు లేని సైకిల్ షాపు

విజయవాడ పటమటలో, బందరు రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక వీధి మలుపులో, వేపచెట్టుకు వేలాడదీసిన పాత టైరు తప్ప మరే గుర్తూ లేని సైకిల్ షాపు ఒకటి ఉంది. బోర్డు లేదు కనుక పేరు రాయలేకపోతున్నాను. తక్కువ ఖర్చులో సైకిలు చక్రం బాగుచేయించుకోవాలనుకునేవారికి పనికొస్తుందని, అక్కడ నాకు నచ్చినవీ నచ్చనివీ రెండూ రాస్తున్నాను.

కిందటి జులైలో, వాన నీటితో రోడ్డూ గుంతా ఒకేలా కనిపిస్తున్న ఒక సాయంత్రం, నా 26 అంగుళాల గేర్ల సైకిలు వెనక చక్రం గుంతలో దిగబడింది. నేను పడలేదు గాని, ఇంటికి చేరేసరికి రెండు పుల్లలు (స్పోకులు) తెగి వేలాడుతున్నాయి. రిమ్ము తిరిగిన ప్రతిసారీ బ్రేకు రబ్బరుకు ఒకచోట గట్టిగా రాసుకుంటోంది. అంతకు నెల ముందే మా అమ్మాయి సైకిలు ముందు చక్రాన్ని ఒక ఆటో వెనక్కి వస్తూ గుద్దడంతో అది నూనెలో వేసిన అప్పడంలా మెలితిరిగి మూలన పడి ఉంది. రెండింటినీ మొదట ఒక పెద్ద షోరూముకే తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు సైకిలును పైకెత్తి చక్రం తిప్పి చూడనైనా లేదు. వెనక చక్రం మొత్తం మార్చడానికి 2,200, ముందు చక్రానికి 1,600, సరుకు రావడానికి పది రోజులు అని కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం చూపించగానే పటమట మేస్త్రీ నవ్వి, "పన్ను ఊడితే దవడ తీయించుకుంటామా మాస్టారూ?" అన్నారు. అరవై దాటిన మనిషి. సైకిలును తలకిందులు చేసి, సుద్దముక్కను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకుని చక్రం తిప్పారు. రిమ్ము పక్కకు జరిగిన చోటల్లా సుద్ద గీత పడింది. తరవాత పుల్లలను ఒక్కొక్కటే వేలితో మీటుతూ పోయారు. బిగువుగా ఉన్నది వీణ తీగలా మోగుతుంది, వదులైనది చప్పగా పలుకుతుంది. మొత్తం 36 పుల్లల్లో తెగినవి రెండు, మెడ దగ్గర వంగి ఇవాళో రేపో తెగబోయేవి మరో రెండు అని తేల్చడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టలేదు.

తెగినవి రెండూ గేర్ల వైపువే కావడం యాదృచ్ఛికం కాదని ఆయన వివరించారు. వెనక చక్రంలో కుడివైపు గేర్లకు చోటు ఇవ్వాలి కాబట్టి అటువైపు పుల్లలు నిటారుగా నిలబడతాయి. రిమ్ము నడిమధ్యకు రావాలంటే వాటిని ఎడమవాటి కంటే చాలా ఎక్కువ బిగించాలి. బరువు పడినప్పుడు ముందు తెగేది అవే. వాటిని మార్చాలంటే గేర్ల పళ్లచక్రాలుండే ఫ్రీవీల్ ఊడదీయాలి. దానికి తగిన పానా లేని కొన్ని దుకాణాల్లో కొత్త పుల్లను ఎలాగో వంచి దూర్చేస్తారట. ఈయన అలా చేయలేదు. ఫ్రీవీల్ తీసి, పాత పుల్ల పక్కన కొత్తది పెట్టి పొడవు సరిచూసి, నాలుగూ ఎక్కించారు. ఆ తరవాత బెండు తీయడం మొదలైంది. రిమ్ము ఎడమకు జరిగిన చోట కుడి పుల్లలను పావు చుట్టు బిగించడం, ఎడమవాటిని అంతే వదులు చేయడం, మళ్లీ తిప్పి సుద్ద పెట్టి చూడటం. తొందరపడి ఒకేసారి నిండు చుట్టు తిప్పితే వంకర మరోచోటికి పోతుందే తప్ప తీరదని, మధ్యలో నేను పుల్లలు బిగించే కీ తీసుకుని ప్రయత్నించినప్పుడు బాగా తెలిసివచ్చింది. ఈ చక్రానికి నాలుగు పుల్లలకు 40, పనికి 150, వెరసి 190 రూపాయలు తీసుకున్నారు.

అమ్మాయి చక్రం సంగతి వేరు. రిమ్ము ఒకచోట మడతపడి చిన్న పగులు కూడా ఇచ్చింది. "దీన్ని సుత్తితో కొట్టి సరిచేసి డబ్బు తీసుకోవచ్చు గాని, పాప ఎక్కే బండి" అని ఆ పని ఆయన ఒప్పుకోలేదు. హబ్బు (చక్రం నడిమి భాగం), ఇరుసు, బాల్స్ బాగానే ఉన్నాయి కనుక రిమ్ము మాత్రం తెచ్చుకోమన్నారు. ఇక్కడ తప్పు నాది. వన్‌టౌన్‌లో ఒక సైకిల్ సామాన్ల కొట్టుకు వెళ్లి 26 అంగుళాల రిమ్ము అడిగి, ఇచ్చింది తెచ్చేశాను. టైరు దానిమీద ఎక్కనే లేదు. 26 అంగుళాలు అని పిలిచే రిమ్ములు ఒకటి కంటే ఎక్కువ రకాలున్నాయి: లావు టైర్ల సైకిళ్లకు టైరు కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు, సన్నటి టైర్ల లేడీస్ సైకిళ్లలో తరచుగా కనిపించేది 590. ముప్పై ఒక్క మిల్లీమీటర్ల తేడాను ఏ బలమూ సర్దలేదు. టైరు పక్కన 50-559 వంటి జంట అంకెలు అచ్చువేసి ఉంటాయి. రెండో అంకె చూసుకుని కొంటే ఈ తిప్పలు ఉండవు. రిమ్ముకు పుల్లలు దూర్చే రంధ్రాల లెక్క కూడా చూసుకోవాలి. మా రెండు సైకిళ్లవీ 36 రంధ్రాల చక్రాలు. పాతకాలపు 28 అంగుళాల పెద్ద సైకిళ్లలో ముందు 32, వెనక 40 ఉంటాయి. అదృష్టవశాత్తు కొట్టువారు రిమ్ము మార్చి ఇచ్చారు.

కొత్త రిమ్ము ఎక్కించిన తీరు మాత్రం చూడవలసిందే. లోతూ కొలతా ఒకటేనని చూసుకుని, కొత్తదాన్ని పాతదాని పక్కన రంధ్రానికి రంధ్రం ఎదురుగా ఉండేలా మూడుచోట్ల ట్యూబు ముక్కలతో కట్టారు. ఆపై ఒక్కొక్క పుల్లనే పాత రిమ్ములోంచి విప్పి కొత్తదాంట్లోకి మార్చుకుంటూ పోయారు. అల్లిక చెదరలేదు, కొత్త పుల్లల ఖర్చు లేదు. రిమ్ము 450, పుల్లల కొసలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము లోపల వేసే పట్టీ 30, కూలి 250, అంతా కలిపి 730.

ఇక నచ్చని సంగతులు. "సాయంత్రానికి ఇస్తాను" అంటే మర్నాడు మధ్యాహ్నం అనుకోవాలి. నేను మూడుసార్లు తిరిగాను. బిల్లు అడిగితే క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చారు. అన్నిటికంటే పెద్ద లోపం నా వెనక చక్రంలో జరిగింది: కొత్త పుల్లల్లో ఒకదాని కొస నిపులు (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) దాటి పైకి పొడుచుకు వచ్చినా ఆకురాయితో అరగదీయలేదు, పాత పట్టీ అక్కడే చిరిగి ఉంది. నాలుగో రోజున ట్యూబు పంక్చరైంది, అదీ లోపలివైపు నుంచి. తీసుకువెళ్లి చూపిస్తే వాదించకుండా కొస అరగదీసి, కొత్త పట్టీ వేసి, పంక్చరు కూడా ఉచితంగానే వేశారు. మీరు మాత్రం టైరు ఎక్కించే ముందు రిమ్ము లోపల వేలు పెట్టి ఒకసారి తడిమి చూసుకోండి.

అమ్మాయి చక్రం రెండు వారాలకు కాస్త పక్కకు వచ్చింది. అది లోపమని అనను, ఎందుకంటే కొత్తగా అల్లిన చక్రంలో పుల్లలు బరువుకు సర్దుకుని కొంత వదులవుతాయని, వారం తిరిగాక ఒకసారి తీసుకురమ్మని ఆయన ముందే చెప్పారు, వెళ్లనిది నేనే. పది నిమిషాల్లో సరిచేశారు, డబ్బు తీసుకోలేదు.

డిస్కు బ్రేకులున్న సైకిళ్ల పని తెలుసంటారు గాని, తడబడుతూ చేయడం ఒకసారి చూశాను కనుక వాటిని అక్కడికి తీసుకువెళ్లమని చెప్పలేను. 700సి (రోడ్డు సైకిళ్లకు ఎక్కువగా వాడే కొలత) రిమ్ములు ఆయన దగ్గర దొరకవు, మనమే తెచ్చుకోవాలి. మామూలు బ్రేకుల సైకిలుకు బెండు తీయించాలన్నా, పుల్లలు వేయించాలన్నా, రిమ్ము మార్పించాలన్నా నేను ఇక అక్కడికే వెళ్తాను. ఉదయం పది లోపల వెళ్తే ఖాళీగా దొరుకుతారు. అమావాస్య నాడు మాత్రం షాపు తీయరు.