స్క్రాపీని ఊకెనే తిట్టుకున్నం

దయ్యాల మిస్టరీల కార్టూన్ 'స్కూబీ డూ, స్క్రాపీ డూ' మొదటి సీజన్ డీవీడీలు ఆన్‌లైన్ల తెప్పించిన. నల్లగొండకు చేరేసరికి డబ్బా మూల పగిలింది, లోపల ఉత్త పేపరు చుట్టి పంపిండ్రు. డిస్కులకు గీతలు పడలే, గదే నయం.

చిన్నప్పుడు అండ్ల స్క్రాపీ అనే కుక్కపిల్ల కనవడితే చాలు, మా అన్న రిమోట్ గుంజుకునేటోడు. నాకూ చిరాకే. ఇప్పుడు ఏడేండ్ల బిడ్డ పక్కన కూసోని 16 ఎపిసోడ్లు చూసిన. దయ్యాన్ని చూసి పెద్ద కుక్క స్కూబీ, వాని దోస్తు షాగీ ఉరుకుతరు. స్క్రాపీ మాత్రం "పప్పీ పవర్!" అనుకుంట మీదికే పోతడు. స్కూబీ వాన్ని ఎత్తుకొని ఉరుకుతుంటే గాల్లనే పిడికిళ్లు ఆడిస్తడు. బిడ్డ పడి పడి నవ్వింది. "నాయినా, గీడొక్కడే గదా కొట్లాడేది?" అన్నది. ఏం చెప్పాలె?

1979ల రేటింగులు పడిపోతుంటే సిరీస్‌ను నిలవెట్టనీకె తెచ్చిండ్రు వాన్ని. 2002ల వచ్చిన స్కూబీ డూ సినిమాల విలన్‌ను జేసిండ్రు, పాపం. వాడొచ్చినంక మిస్టరీ పల్చబడ్డదన్నది నిజమే, చిక్కుముడి విప్పే పిల్ల వెల్మకు పని తగ్గింది. గది వాని తప్పా?

ఐదుకు నాలుగు చుక్కలు. ఒకటి డబ్బాకు కోసిన.