వీధి కుక్కలు: షెల్టరా, ఆపరేషనా? మున్సిపాలిటీకి ఏది మేలు?

ఎక్కడైనా పిల్లల్ని కుక్క కరిచిందని వార్త రాగానే కాలనీ గ్రూపుల్లో రెండే మాటలు వినిపిస్తాయి. "అన్నింటినీ పట్టుకెళ్లి ఊరి బయట షెల్టర్‌లో పడేయొచ్చు కదా" అని కొందరు, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ మన వీధిలోనే వదిలితే ఏం లాభం" అని ఇంకొందరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయినప్పుడు కూడా ఇవే విన్నాం. ఆ సీసీటీవీ వీడియో చూసినవాళ్లకి కోపం రావడంలో వింతేమీ లేదు. కాకపోతే డబ్బు ఎవరు పెడతారు, స్థలం ఎక్కడుంది, చట్టం ఏం ఒప్పుకుంటుంది, పదేళ్ల తర్వాత వీధిలో కుక్కలు తగ్గి ఉంటాయా లేదా అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మాత్రం ఆపరేషన్ వైపే మొగ్గు. అయితే ఇప్పుడు మన ఊళ్లలో చాలాచోట్ల చేస్తున్న తీరులో కాదు, అది వేరే కథ, దానికి తర్వాత వస్తాను.

ముందు షెల్టర్ సంగతి. దీన్ని ఎవరో వాట్సాప్‌లో అనడమే కాదు, సాక్షాత్తూ సుప్రీంకోర్టే ఒకసారి అంది. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జిల బెంచ్ ఢిల్లీ, చుట్టుపక్కల ఊళ్లలో వీధి కుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలో పెట్టండి, ఒక్కటి కూడా మళ్లీ రోడ్డు మీదికి రాకూడదు అని ఆదేశించింది. పట్టుమని రెండు వారాలు కాలేదు, ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది: ఆపరేషన్ చేసి, టీకా వేసి, నులిపురుగుల మందు ఇచ్చి ఎక్కడ పట్టారో అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ, ఉన్నట్టు అనుమానం ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దు అని. మళ్లీ నవంబర్ 7న స్కూళ్లు, ఆసుపత్రులు, స్టేడియాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని మాత్రం తిరిగి అక్కడ వదలకూడదు, షెల్టర్‌కి పంపాలి అంది. అంటే షెల్టర్ అస్సలు అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ఊరి కుక్కలన్నింటికీ కావాలా, కొన్నింటికి చాలా అన్నదే అసలు ప్రశ్న.

డబ్బు లెక్క వేద్దాం, మోటుగానే. ఒక మాదిరి పట్టణంలో పది వేల కుక్కలు ఉన్నాయనుకోండి. తిండి, మందులు, ఊడ్చే మనిషి జీతం, కరెంటు, నీళ్లు అన్నీ కలిపి కుక్కకు రోజుకు 40 రూపాయలే అనుకుందాం, నిజానికి అంతకు ఎక్కువే అవుతుంది. రోజుకు 4 లక్షలు. ఏడాదికి 14 కోట్ల 60 లక్షలు. కుక్క పదేళ్లు బతుకుతుంది కాబట్టి ఇది ఒక ఏడాదితో పోయేది కాదు, స్థలం, షెడ్ల ఖర్చు ఇందులో కలపనే లేదు. అదే పది వేల కుక్కలకి ఆపరేషన్, టీకా, పట్టుకోవడం, నాలుగైదు రోజుల తిండి కలిపి తలకి 1,500 వేసుకున్నా కోటిన్నర. వీధి లైట్లకి బిల్లు కట్టలేక, పారిశుద్ధ్య కార్మికులకి జీతాలు నెలల తరబడి ఆపే మున్సిపాలిటీలు ఆ మొదటి పని చేస్తాయని నమ్మమంటే ఎలా? మొదటి ఆరు నెలలు ఫొటోలకి బాగుంటుంది. ఆ తర్వాత అన్నం సరిగ్గా అందక, కిక్కిరిసిన షెడ్లలో కొట్టుకుని, డిస్టెంపర్, పార్వో లాంటి రోగాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుని చావడమే.

"మరి అమెరికాలో రోడ్డు మీద ఒక్క కుక్క కనిపించదు కదా" అని అక్కడి నుంచి సెలవులకి వచ్చిన మన చుట్టం ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే, కనిపించదు. అక్కడ పెంపుడు కుక్కకి కౌంటీ లైసెన్సు, రేబిస్ టీకా సర్టిఫికెట్ ఉండాలి, తప్పిపోయిన కుక్క షెల్టర్‌కి చేరితే యజమాని కోసం కొన్ని రోజులు ఆగాలి. కాలిఫోర్నియాలో 1998లో చేసిన చట్టం ప్రకారం మామూలుగా ఆరు పనిదినాలు, సాయంత్రాలో సెలవు రోజునో షెల్టర్ తెరిచి ఉంచితే నాలుగు. ఆ గడువు దాటాక ఎవరూ తీసుకెళ్లకపోతే? పెంచుకునేవాళ్లు దొరికితే సరే, దొరక్క జాగా నిండిపోతే ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారు. ఏటా లక్షల కుక్కలు, పిల్లులు అలాగే పోతున్నాయి. ఈ రెండో సగం మన చుట్టం చెప్పడు. ఇక్కడ చట్టం ఆరోగ్యంగా ఉన్న కుక్కని చంపనివ్వదు, కాబట్టి అక్కడి షెల్టర్‌ని ఇక్కడికి తెచ్చుకుంటే లోపలికి వెళ్లే తలుపు మాత్రమే ఉంటుంది, బయటికి వచ్చే తలుపు ఉండదు.

ఇంకో సంగతి, ఇది కాస్త కళ్లు తెరిచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కుక్కలు వీధిలో ఉండేది తిండి ఉంది కాబట్టి. చికెన్ సెంటర్ వెనక పడేసే పేగులు, ఫంక్షన్ హాల్ బయట విస్తరాకులు, చెత్తబండి రాని రోజు మూటలు. ఆ కుక్కల్ని తీసుకెళ్తే తిండి అక్కడే ఉంటుంది, పక్క వీధిలోవి వచ్చి కూర్చుంటాయి. వచ్చినవాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

చంపేయడం గురించి ఎక్కువ రాయను. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు, కేసు అయింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువుని చంపితే ఐదేళ్ల దాకా జైలు. (1960 నాటి జంతు హింస చట్టంలో మొదటి తప్పుకి జరిమానా గరిష్ఠంగా యాభై రూపాయలు, అదింకా అలాగే ఉంది, నవ్వాలో ఏడవాలో తెలియదు.) సర్పంచులు ఓట్ల కోసం కుక్కల్ని చంపిస్తామని హామీ ఇస్తే, కేసు మీ మీద పడుతుందని చెప్పండి.

ఇక ఆపరేషన్. 2001లో ఒకసారి, మళ్లీ 2023 మార్చిలో కొత్తగా కేంద్రం తెచ్చిన ఏబీసీ (జంతు జనన నియంత్రణ) రూల్స్ ప్రకారం ఇది మున్సిపాలిటీ, పంచాయతీల బాధ్యత, ఎన్జీవోల దయ కాదు. పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, చెవికి గాటు పెట్టాలి, పట్టిన చోటే వదలాలి. కాగితం మీద ఇంతే. మా వీధి చివర మటన్ కొట్టు అరుగు కింద పడుకునే గోధుమరంగు ఆడకుక్కకి చెవి కొసన వి ఆకారంలో గాటు ఉంటుంది, అంటే దానికి ఆపరేషన్ అయిందన్నమాట, ఏళ్ల తరబడి పిల్లలు లేవు, ఎవరి జోలికీ పోదు. దానికి నాలుగు ఇళ్ల అవతల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇసుక కుప్పలో గాటు లేని ఇంకో ఆడది ఐదు పిల్లలతో ఉంది, బైకు మీద ఎవరు వెళ్లినా వెంటపడుతుంది. పిల్లల తల్లి కాబట్టి వెంటపడుతుంది. ఒకే వీధిలో రెండూ ఎందుకున్నాయి అన్నదే మన పద్ధతిలో లోపం.

ఎందుకంటే మన దగ్గర బండి వచ్చేది ఫిర్యాదు మీద. ఎవరో యాప్‌లో కంప్లయింట్ పెడతారు, వాళ్లు వచ్చి దొరికిన రెండు మూడు పట్టుకుపోతారు. ఆ బండి చప్పుడు గుర్తుపట్టే జడుపు కుక్కలు డ్రైనేజీ పైపుల్లోకి మాయమవుతాయి, దొరికేవి మనం వేసే బిస్కెట్లు తినే సాధువులు. ఫిర్యాదు క్లోజ్ అయిందని మెసేజ్ వస్తుంది. దీనికీ వార్డు వారీగా పూర్తి చేయడానికీ చాలా తేడా ఉంది. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకి ఆపరేషన్ అయితే తప్ప సంఖ్య తగ్గడం మొదలవదు, టీకా విషయంలోనూ దాదాపు అదే లెక్క. ఒక వార్డులో 200 కుక్కలుంటే 140 కావాలి. అదే 140 ఆపరేషన్లని పది వార్డుల్లో చల్లితే వార్డుకి పద్నాలుగు, మిగతావి రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లల్ని పెట్టి ఆ లోటు ఒక్క సీజన్‌లో పూడ్చేస్తాయి. రిపోర్టులో మాత్రం 140 అని గొప్పగానే కనిపిస్తుంది. ఫిర్యాదుల బండి, వార్డు వారీ పని, ఈ రెండింటిలో నేను కళ్లు మూసుకుని రెండోదే ఎంచుకుంటాను, కరిచే కుక్కల కోసం ఒక బండి విడిగా పెట్టుకుని. గోవాలో టీకాల పని ఇలాగే వలలు పట్టుకుని వీధి వీధీ తిరిగి, వేసిన ప్రతిదాన్నీ ఫోన్‌లో నమోదు చేసుకుంటూ చేశారు, 2021లో అక్కడి ప్రభుత్వం రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకోగలిగింది.

ఈ పని మున్సిపాలిటీ సొంతంగా చేయాలా, సంస్థకి అప్పగించాలా? సొంత డాక్టర్లుంటే జవాబుదారీ ఎవరో తెలుస్తుంది, కానీ చిన్న మున్సిపాలిటీల్లో వెటర్నరీ డాక్టరు పోస్టే ఉండదు, ఉన్నా ఆయనకి కబేళా తనిఖీలు కూడా అంటగడతారు. సంస్థలకి చేయి తిరిగి ఉంటుంది. బాధ ఎక్కడంటే, భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు లేని కాంట్రాక్టరు తక్కువ రేటుకి టెండర్ వేస్తే, కుక్కకింత అని బిల్లు కాబట్టి, లెక్క పెంచడానికే చూస్తాడు. కేరళలో కుటుంబశ్రీ మహిళా బృందాలు ఈ పని చేస్తుంటే బోర్డు గుర్తింపు లేదని 2021లో హైకోర్టు ఆపేసింది, దాంతో చాలాచోట్ల పనే ఆగింది. గుర్తింపు కాగితం ముందే చూసుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. నాకు నచ్చేది మధ్యేమార్గం: షెడ్డు, ఆపరేషన్ థియేటర్ మున్సిపాలిటీవి, చేతులు సంస్థవి, రిజిస్టరు మాత్రం కమిషనర్ దగ్గర.

ఆ రిజిస్టరే కీలకం. ఏ తేదీన, ఏ వీధిలో పట్టారు, టోకెన్ నంబర్ ఎంత, ఎవరు ఆపరేషన్ చేశారు, ఎప్పుడు ఎక్కడ వదిలారు. తీసేసిన అవయవాల లెక్కతో బిల్లు సరిపోల్చాలి. థియేటర్లో సీసీ కెమెరా ఉండాలి. రూల్స్ ప్రకారం ప్రతి మున్సిపాలిటీలో కమిషనర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ ఊళ్లో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో సమాచార హక్కు కింద అడిగి చూడండి, జవాబు కన్నా జవాబు రావడానికి పట్టే టైమే మీకు సగం చెబుతుంది. అడిగేవాళ్లు లేకపోతే పక్క కాలనీలో పట్టిన కుక్కని మన కాలనీలో దింపి వెళ్తారు, అది ఇక్కడివాటితో రాత్రంతా కొట్లాడుతుంది, మనం కుక్కలు పెరిగిపోయాయి అంటాం.

పెంపుడు కుక్కల విషయంలో పోలిక ఇంకా తేలిక. జాతుల్ని నిషేధించడమా, లైసెన్సు పక్కాగా అమలు చేయడమా? 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల మీద నిషేధం పెట్టమని రాష్ట్రాలకి లేఖ రాసింది, నెల తిరక్కుండానే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతిని గుర్తుపట్టేదెవరు, సంకర జాతి అయితే ఏం చేస్తారు, అది తేలేలోపు కాటు పడనే పడుతుంది. లైసెన్సుకి అంత గొడవ లేదు: టీకా కాగితం చూపించు, పేరు రాయించుకో, ఏటా రెన్యూ చేయించుకో. మూడో ఏడు హిప్ నొప్పి వచ్చిందని ల్యాబ్రడార్‌ని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వదిలేసి వచ్చే పెద్దమనిషి ఎవరో అప్పుడు తెలుస్తుంది, వదిలేయడం నేరమే. ఇక అపార్ట్‌మెంట్ సంఘాలు "మా బిల్డింగ్‌లో పెంపుడు జంతువులు నిషేధం" అని బోర్డు పెట్టడం చెల్లదు, తీర్మానం రాసినా చెల్లదు, లిఫ్టులో గొలుసు పట్టుకోమనడం, మలం ఎత్తమనడం వేరు.

మిగిలింది ప్రైవేటు షెల్టర్లు. మంచివీ ఉన్నాయి, అద్దె ఇంట్లో అరవై కుక్కల్ని కుక్కి ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగేవీ ఉన్నాయి. వీటిని చూడాల్సిన జిల్లా జంతు హింస నివారణ సంఘం చాలా జిల్లాల్లో పేరుకే. కోర్టు చెప్పిన స్కూళ్ల, బస్టాండ్ల కుక్కలు ఇప్పుడు వీటికే చేరతాయి కాబట్టి ఎన్ని వచ్చాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్నింటిని పెంపకానికి ఇచ్చారు అన్న మూడు అంకెలు నెలనెలా మున్సిపాలిటీకి ఇవ్వందే పైసా ఇవ్వకూడదు. కౌన్సిలర్ ఈసారి ఇంటికి వచ్చినప్పుడు "కుక్కల్ని తీసుకుపోండి" అనకుండా "మన వార్డులో మొత్తం ఎన్ని, అందులో ఎన్నింటికి చెవి గాటు ఉంది" అని అడగండి.