కొంకణ్ తీరం చూడాలంటే షిప్పు మేలా, నేల మేలా?

ఈ మధ్య మా వీధిలోనే ముగ్గురు అడిగినారు, ముంబై-గోవా షిప్ ఎక్కితే బాగుంటుందా, లేకపోతే అదే డబ్బు పెట్టి కొంకణ్ (ముంబై, గోవా మధ్య పడమటి తీరం) అంతా నేల మీద తిరిగితే బాగుంటుందా అని. రెండూ చేసినోణ్ణి కాబట్టి చెప్తాండా. ప్రొద్దుటూరులో పుట్టినోడికి సముద్రం అంటేనే మోజు, మాకు దగ్గర సముద్రం అంటే నెల్లూరు దాటి మైపాడు పోవాల, అదీ ఇసకే, కొండ ఉండదు. గండికోట లాంటి కొండ ఒకటి నేరుగా సముద్రంలోకి దిగితే ఎట్లుంటుందో చూడాలని ఎప్పట్నుంచో ఆశ. నా ఓటు నేలకే, ముందే చెప్పేస్తాండా. మా అమ్మ ఓటు మాత్రం ఇప్పటికీ షిప్‌కే, ఆమె లెక్క ఆమెది, అది తర్వాత చెప్తా.

షిప్ సంగతి. టికెట్ అమ్మిన ఏజెంటు "రాత్రంతా కొంకణ్ కొండల పక్కనే పోతుంది సార్, బాల్కనీ రూమ్ తీసుకోండి" అన్నాడు, నమ్మి ఎక్స్‌ట్రా కట్టినా. సాయంత్రం ముంబైలో ఎక్కినాం, హార్బర్ దాటేదాకా బ్రహ్మాండం, ఆ తర్వాత చీకటి పడింది, బాల్కనీలో కూర్చుంటే ఎదురుగా నల్లటి నీళ్ళు, నల్లటి ఆకాశం, దూరంగా చేపల పడవల లైట్లు, అంతే. తెల్లారి ఐదింటికే లేచి బైనాక్యులర్ పట్టుకుని డెక్ మీదికి పోతే తూర్పు పక్క సన్నగా పెన్సిల్‌తో గీసినట్టు ఒక గీత, అదేనంట కొంకణ్. మా అమ్మ శాలువా కప్పుకుని వచ్చి ఒక నిమిషం చూసి "యాడ నాయనా కొండలు? తుంగభద్ర డ్యామ్ నీళ్ళు చూపించేదానికి ఇంత దూరం తెచ్చినావా" అనింది. మా బామ్మర్ది అయితే ఇప్పటికీ నన్ను బాల్కనీ బావ అంటాడు.

అప్పుడు కోపం వచ్చింది కానీ తర్వాత అర్థమైంది ఏందంటే తప్పు షిప్‌ది కాదు, దగ్గరికి పోదని చెప్పని ఏజెంటుది. ఆ సైజు షిప్పు 200 మీటర్ల పొడుగు పైమాటే, నీళ్ళ కిందనే 7 మీటర్ల దాకా మునిగి ఉంటుంది, అంటే రెండంతస్తుల మిద్దె నీళ్ళ లోపలే ఉన్నట్టు. కొంకణ్‌లో కొండ నీళ్ళ అంచున ఆగిపోదు, లోపలికి కూడా సాగి ఉంటుంది, ఒడ్డుకి దూరంగా కూడా బండలు పైకి కనపడకుండా మునిగి ఉంటాయి, అలలు తగ్గినప్పుడు చూస్తే నురగ మాత్రం కనపడుతుంది. సరే బండలు తప్పించుకుని పోయిందనుకో, ఇంజన్ ఆగిపోతే? మన లారీ అయితే ఘాట్‌లో ఆగినా గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెడతాం, షిప్‌కి ఉండేది లంగరు ఒకటే, అది బురదలో, ఇసకలో పట్టినంత గట్టిగా బండ మీద పట్టదు. గాలి పడమర నుంచి కొడుతుంటే షిప్పుని తీసుకుపోయి ఒడ్డుకే కొడుతుంది. అందుకే కెప్టెన్లు ఇట్లాంటి తీరానికి పది ఇరవై కిలోమీటర్లు దూరంగానే పోతారు, మధ్యలో ఏదన్నా జరిగితే సరిచేసుకునేదానికి టైం ఉండాల కదా.

దగ్గరికి పోతే ఏమవుతుందో 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో చూసినారు. కోస్టా కాంకోర్డియా అనే పెద్ద షిప్‌ని కెప్టెన్ జిల్యో ద్వీపం ఒడ్డు పక్కగా, దీవిలో వాళ్ళకి సెల్యూట్ కొట్టినట్టు పోనిస్తే బండ తగిలి షిప్ పక్క గోడ యాభై మీటర్లకి పైగా చీలిపోయింది, 32 మంది పోయినారు, ఆ కెప్టెన్‌కి 16 ఏళ్ళు జైలు పడింది. బాగా కొలిచిన సముద్రం, లైట్లున్న ఊరు, మంచి వాతావరణం, అయినా అంతే.

ఇంకోటి, దిగేదానికి చోటు ఉండాల కదా. కొంకణ్‌లో నదులు చాలానే ఉన్నాయి, వాశిష్ఠి, శాస్త్రి, సావిత్రి అని, కానీ అవి సముద్రంలో కలిసే చోట ఇసక దిబ్బలు అడ్డం పడి ఉంటాయి, పోటు వచ్చినప్పుడు చేపల పడవలు దాటతాయి గానీ పెద్ద షిప్ దాటలేదు. ఒకప్పుడు ముంబై నుంచి గోవాకి స్టీమర్లు ఈ రేవులన్నింటి దగ్గరా ఆగుతూ పోయేవి, అవి చిన్నవి, అయినా కొన్నిచోట్ల బయటే నిలబడితే పడవల్లో జనాన్ని తెచ్చి ఎక్కించేవాళ్ళు. వానాకాలం అయితే ఆ చిన్నవాటికీ గండమే. 1947 జులై 17న రామ్‌దాస్ అనే స్టీమరు ముంబై నుంచి రేవస్ పోతూ గాలివానలో మునిగితే 600 మందికి పైగా పోయినారు, అదేమీ మహాసముద్రం దాటే ప్రయాణం కాదు, మనం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయినంత దూరం కూడా లేదు.

ఇప్పుడు నేల. పోయిన జనవరిలో పోయినాం, అమ్మ రాలేదు. నంద్యాలలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా గోవాలో వాస్కో దాకా పోతుంది (వాస్కో పోయేది రోజూ ఉండదు, డేట్ చూసుకోండి), దారిలో దూద్‌సాగర్ జలపాతం పక్కనే పోతుంది, జనవరిలో నీళ్ళు సన్నగానే ఉన్నాయిలే. మడ్గావ్‌లో దిగి కొంకణ్ రైలు పట్టుకుని కుడాళ్‌లో దిగి అక్కడినుంచి ఎర్రబస్సులో మాల్వణ్.

మాల్వణ్ ఎందుకంటే అక్కడ సింధుదుర్గం ఉంది. శివాజీ 1664లో మొదలుపెట్టి 1667కి కట్టించిన కోట, ఒడ్డుకి దగ్గరే సముద్రం మధ్యలో బండ మీద, నలభై ఎకరాల పైన. జెట్టీ నుంచి మరపడవలో పది పదిహేను నిమిషాలు. నేరుగా కోట కనపడతానే ఉంది, పడవ మాత్రం నేరుగా పోదు, ఎడమకి పోయి, ఆగినంత పని చేసి, మళ్ళీ కుడికి తిరిగి, పాము పోయినట్టు పోతుంది. ముందు ఒక పిల్లోడు కూర్చుని చెయ్యి అటూ ఇటూ ఊపుతాంటే వెనక చుక్కాని పట్టినాయన నీళ్ళ వైపు చూడకుండానే తిప్పుతాన్నాడు. నా వచ్చీరాని హిందీలో పెద్ద షిప్ ఇక్కడికి రాదా అని అడిగితే నవ్వి, మా పడవకి నాలుగు మూరల దూరంలో నీళ్ళు ఊరికే తెల్లగా కక్కుతాంటే అది చూపించినాడు. అల లేదు, గాలి లేదు, అక్కడొక్క చోటే నురగ. కింద బండ.

నాకు అక్కడ వెలిగింది. నా షిప్పుని రానియ్యనిది ఏదో, శివాజీ కోట అక్కడే కట్టేదానికి కారణమూ అదే, శత్రువు ఓడ ఎంత పెద్దదైతే అంత దూరంగా నిలబడాల్సిందే. పైగా కోట వాకిలి కూడా గోడల మడతలో దాచిపెట్టినట్టు ఉంటుంది, దగ్గరికి పోయేదాకా వాకిలి ఏదో తెలీదు. చుట్టూ ఉప్పునీళ్ళు, లోపల మూడు మంచినీళ్ళ బావులు, దూద్, దహీ, సాకర్ అని పాలు పెరుగు చక్కెర పేర్లు పెట్టినారు. అనంతపురం పక్క వెయ్యి అడుగులు బోరేసినా నీళ్ళు పడని చేలు చూసినోళ్ళకి ఆ బావి గట్టు మీద కూర్చుంటే కొంచెం కుళ్ళు పుడుతుంది, అబద్ధమెందుకు.

నేల మీద పోయేవాళ్ళు కూడా మోసపోయే చోటు ఒకటి ఉంది, కొంకణ్ రైలు. 1998 జనవరి నుంచి పూర్తిగా నడుస్తాంది, 740 కిలోమీటర్ల దాకా లైను, 90కి పైగా టన్నెళ్ళు, రత్నగిరి దగ్గర కర్‌బుడే టన్నెల్ ఒకటే ఆరున్నర కిలోమీటర్లు. చాలా గొప్ప లైను, కానీ సముద్రం కనపడుతుందని కిటికీ సీటు కోసం కొట్టుకోవద్దు, అది చాలావరకు లోపల కొండల మధ్యలో పోతుంది, వాగులు, లోయలు, కొబ్బరి చెట్లు కనపడతాయి, సముద్రం అరుదు. రైలు చేరేదానికి, చూసేదానికి మాత్రం రోడ్డు. అది కూడా హైవే కాదు, ఒడ్డు పక్క చిన్న రోడ్డు. నది అడ్డం వస్తే బల్లకట్టు లాంటి ఫెర్రీ ఉంటుంది, దాభోల్ దగ్గర, జైగఢ్ దగ్గర కారుని అట్లే ఎక్కించుకుని అవతల దింపుతారు, మా చిన్నోడికి కోట కంటే అదే నచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పే వాళ్ళు ఉంటే మాత్రం ఆలోచించుకోండి, షిప్‌లో ఎవరికీ రాని వాంతులు మా ఇంటామెకి ఇక్కడ వచ్చినాయి.

అన్నం సంగతి చెప్పకపోతే ఎట్లా. షిప్‌లో ఇడ్లీ నుంచి పాస్తా దాకా అన్నీ ఉన్నాయి, ఏదీ గుర్తులేదు. మాల్వణ్‌లో చేపల పులుసు తిని, కోకం అనే పుల్లటి పండు, కొబ్బరిపాలతో చేసే గులాబీ రంగు సోల్‌కడీ తాగితే అది ఇప్పటికీ నాలుక మీద ఉంది, మన చింతపండు పులుపు వేరు, ఇది వేరు.

డబ్బు లెక్కకొస్తే మా నలుగురికి షిప్‌లో రెండు రాత్రులకి అయినదాంట్లో సగానికి కొంచెం ఎక్కువతో నేల మీద ఆరు రోజులు గడిచినాయి. షిప్ టికెట్ మీద పోర్ట్ ఛార్జీలు, ట్యాక్సులు, టిప్పులు వేరే పడతాయి, అవి ముందే అడిగి కలుపుకోండి.

మరి మా అమ్మ ఓటు షిప్‌కి ఎందుకంటే, ఆమెకి మోకాళ్ళ నొప్పులు, కోట మెట్లు ఎక్కలేదు, ఎర్రబస్సులో గంట కూర్చోలేదు. షిప్‌లో లిఫ్ట్ ఉంది, కాఫీ చేతికి వచ్చింది, సాయంత్రం భజనలాగా ఏదో ప్రోగ్రామ్ పెట్టినారు, కొండలు కనపడకపోతే ఏమి అంటుంది. పెద్దోళ్ళతో పోయేటట్టయితే, తిరిగే ఓపిక లేక ఊరికే నీళ్ళు చూస్తా కూర్చోవాలనుకుంటే షిప్పే ఎక్కండి, కాకపోతే బాల్కనీకి డబ్బు దండగ, డెక్ మీద ఫ్రీ. కొండా సముద్రమూ కొట్టుకునేది చూడాలంటే మాత్రం నేలే.

ఏది ఎంచుకున్నా జూన్ నుంచి సెప్టెంబర్ వదిలెయ్యండి, వానాకాలంలో సింధుదుర్గం పడవలు కూడా ఒడ్డుకి లాగేసి టార్పాలిన్ కప్పేసి ఉంటాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది, కాకపోతే సంక్రాంతి సెలవల్లో అమరావతి ఎక్స్‌ప్రెస్‌కి వెయిటింగ్ లిస్ట్ చాంతాడంత ఉంటుంది, రెండు నెలల ముందే బుక్ చేసుకోండి.