ఏఎంటీ లారీ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? అరిగిన క్లచ్‌కి ‘లెర్నింగ్’ కొట్టి అంటగడుతున్నారు, జాగ్రత్త

ఆటోనగర్‌లో మాకు బండి అంటగట్టిన ఆ బ్రోకర్ ఎవరో ఇక్కడ సగం మందికి తెలుసు, పేరు రాయను. పన్నెండు టైర్ల బండి, పన్నెండు గేర్ల ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేకుండా కంప్యూటరే గేర్లు మార్చేది. ఖాళీ బండిని బైపాస్ మీద తిప్పి చూపించారు. గేర్లు నూనె పోసినట్టు పడ్డాయి. డబ్బు కట్టాం, కాయితాలు మార్చుకున్నాం. పదకొండో రోజు లోడుతో గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ఆర్‌పీఎం ముల్లు 1,900 దగ్గర, బండి మాత్రం మనిషి నడకతో. కాలిన వాసన. డిస్‌ప్లే మీద క్లచ్ వేడి హెచ్చరిక, తర్వాత న్యూట్రల్‌లో పడి ఇక గేరే పడలేదు.

ఫోన్ చేస్తే అయ్యగారి జవాబు ఇది: “నీ డ్రైవర్‌కి ఆటోమేటిక్ తోలడం రాదయ్యా. క్లచ్ కాల్చుకుని నా మీద పడతావేంటి? గ్యారంటీ కావాల్సినోడివి షోరూంకి పోవాల్సింది.” టక్కున కట్ చేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు మాత్రం “తమ్ముడూ, తమ్ముడూ” అన్నాడు మహానుభావుడు.

ఒళ్లు మండేది ఎందుకంటే, ఆ సాకు బాగా అతుకుతుంది. ఏఎంటీని డ్రైవర్ కాల్చగలడు. పెడల్ లేదు కదా అని ఇది కారులో వచ్చే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (ప్లేటు బదులు నూనెతో శక్తి అందించేది) అనుకుంటారు. కాదు. లోపల ఉన్నది అదే పాత గేర్‌బాక్స్, అదే పొడి క్లచ్ ప్లేటు. మన కాలు చేసే పని గాలి సిలిండర్ చేస్తుంది, ఎప్పుడు తొక్కాలో కంప్యూటర్ చెబుతుంది, అంతే తేడా. ఎత్తు మీద ట్రాఫిక్ ఆగితే బ్రేకు తొక్కకుండా యాక్సిలేటర్‌తో బండిని నిలబెట్టినా, ముందు బండి రెండడుగులు కదిలిందని మనమూ రెండడుగులు జరుపుతూ పోయినా ప్లేటు జారుతూనే ఉంటుంది. సందు పెరిగేదాకా బ్రేకు మీద ఆగి, ఒకేసారి కదిలి, క్లచ్ పూర్తిగా పట్టాక ఐడిల్ మీద పోనివ్వాలి. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉంది కదా అంటారు, అది పట్టేది రెండు మూడు సెకన్లే. లోడుతో ఎత్తు మీద కదిలేటప్పుడు మాన్యువల్‌లో పెట్టి ఒకటో గేరు మనమే ఇవ్వాలి. దిగేటప్పుడూ మాన్యువల్లోనే గేరు కట్టేసి ఎగ్జాస్ట్ బ్రేక్ వాడాలి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ కొట్టే పాత అలవాటు దీంట్లో అసలు వద్దు.

ఇవన్నీ తప్పిన డ్రైవర్ ఒక్క రోజులో ప్లేటు కాలుస్తాడు, ఒప్పుకుంటా. కానీ అలా కాలిన ప్లేటు వేరేలా ఉంటుంది: లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) మందంగానే ఉండి పైన అద్దంలా మెరుస్తుంది, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు తాజాగా కనిపిస్తాయి. గేర్‌బాక్స్ దించితే మాకు కనిపించింది అది కాదు. 430 మి.మీ. ప్లేటు, లైనింగ్ రివెట్ల దాకా అరిగి ఉంది. రివెట్ తలలు రాపిడికి వెండి బిళ్లల్లా మెరుస్తున్నాయి. ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం, అదే ఫ్లైవీల్ మీద ఆ రివెట్లు గీసిన వలయాలు గోరుకి తగులుతున్నాయి. క్లచ్‌ని కప్పే బెల్ హౌసింగ్‌లో చేత్తో ఎత్తేంత నల్ల పొడి. పదకొండు రోజుల పని కాదిది.

మరి చూపించిన రోజు అంత బాగా ఎలా నడిచింది? లైనింగ్ అరిగేకొద్దీ క్లచ్ పట్టే చోటు జరుగుతుంది. పొజిషన్ సెన్సర్ దాన్ని గమనిస్తుంది, హద్దు దగ్గరికి వస్తే కంప్యూటర్ లోపం కోడ్ ఇస్తుంది. వీళ్లు ల్యాప్‌టాప్ పెట్టి కోడ్లు చెరిపేసి, క్లచ్ లెర్నింగ్, అంటే పట్టు చోటు కంప్యూటర్‌కి నేర్పే పని, మళ్లీ కొట్టారు. కొత్త పట్టు చోటు నేర్చుకున్నాక ఖాళీ బండి కొన్నాళ్లు కుదుపు లేకుండా పోతుంది, ఎందుకంటే ఖాళీ బండికి ఎక్కువ పట్టు అవసరం లేదు. హద్దు దాటి అరిగిన ప్లేటు మీద ప్రెషర్ ప్లేటు బిగింపు తగ్గిపోయి ఉంటుంది. లోడు, ఎత్తు రెండూ కలిసిన చోటే బయటపడుతుంది. ఆ చోటికి వాళ్లు తీసుకెళ్లరు. బైపాస్ చాలు, “ఎండగా ఉంది, టీ తాగుదాం రండి.”

బుద్ధి లేనిది మాకే. మామూలు లారీ అయితే హ్యాండ్‌బ్రేక్ వేసి, పెద్ద గేరులో పెట్టి, క్లచ్ వదిలి ఇంజిన్ ఆగుతుందా లేదా చూసేవాళ్లం. దీంట్లో ఆ పరీక్ష కుదరదు, ఇంజిన్ ఆగే లోపే కంప్యూటర్ క్లచ్ తెరిచేస్తుంది. పెడల్ లేదు కాబట్టి క్లచ్ చూడక్కర్లేదన్నట్టు వచ్చేశాం. క్లచ్ సిలిండర్ కనెక్టర్ ఒక్కటే తుడిచినట్టు శుభ్రంగా ఉండి చుట్టూ అంతా మట్టి ఉన్నా, ఎవరో అక్కడ చేయి పెట్టారన్న అనుమానం రాలేదు. క్లచ్ సెట్టు, ఫ్లైవీల్ ఫేసింగ్, కూలీ కలిపి లక్ష దాటింది, బండి నిలిచిన రోజులు వేరే.

కొనేవాళ్లు ఇవైనా చేయండి. స్కానర్ మీదే, మెకానిక్ మీవాడే అయి ఉండాలి. కోడ్లతో పాటు క్లచ్ అరుగుదల విలువ చూడండి. కోడ్లు ఒక్కటి కూడా లేకుండా మరీ శుభ్రంగా ఉంటే అదే మొదటి అనుమానం. లోడు ఎక్కించి ఎత్తు మీద మాన్యువల్‌లో పెద్ద గేరు పట్టించి, 1,200 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలేటర్ పూర్తిగా తొక్కండి. ముల్లు లేచి స్పీడు లేవకపోతే దిగి వచ్చేయండి. లోడు పెట్టనివ్వను అంటే బేరమే వద్దు. గాలి ట్యాంకు డ్రెయిన్ లాగి చూడండి, నీళ్లో నూనో వస్తే గాలిలో తడి తీసే డ్రయ్యర్‌నో కంప్రెసర్‌నో అనుమానించాలి, ఆ తడి తర్వాత క్లచ్ సిలిండర్నీ గేర్ వాల్వులనీ తింటుంది. ఇంకోటి, కీ ఆపిన వెంటనే బ్యాటరీ కట్ఆఫ్ తిప్పే డ్రైవర్‌ని ఆపండి, కంప్యూటర్ నేర్చుకున్నది దాచుకోవడానికి ఒక నిమిషమైనా పడుతుంది.

అదే బ్రోకర్ దగ్గర ఇంకో ఏఎంటీ బండి నిన్ననే కడిగి నిలబెట్టారట.